జనరల్ గారు మున్నేరు దాటిన వైనం

మొన్న మంగళవారం కంచికచర్ల బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం కూర్చున్నాను. మా వైపు ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. సిమెంటు బల్ల మీద కూర్చోవాలంటే ముందు చేతిసంచీ పరిచి, దాని మీద కొంగు మడత వేసి, ఆపైన దేవుడి మీద భారం వేసి కూర్చోవాలి. అలా కూర్చుని ఎదుటి గోడ మీది ప్రకటనలో అక్షరదోషాలు లెక్కపెట్టుకుంటున్నాను. రిటైరై పదేళ్ళయినా నాకా జబ్బు పోలేదు. పెళ్ళి శుభలేఖ ఇస్తే అక్షింతల కంటే ముందు ఎర్రపెన్ను వెతుక్కునే మనిషిని నేను.

అంతలో ఒకాయన "టీచర్ గారండీ, మీరేనాండీ?" అంటూ వచ్చి ఎదుట నిలబడ్డాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయి నడుం పట్టేసి మధ్యలో ఆగిపోయాడు. నా ఉద్యోగం మొదటి ఏడాది పదో తరగతి చదివినవాడట, ఇప్పుడు కంచికచర్లలోనే ఎరువుల కొట్టు నడుపుతున్నాడట. వెంట కూతురుంది. ఆ అమ్మాయి పెద్ద ఉద్యోగానికి పోటీ పరీక్ష రాస్తోందట, దారి పొడవునా ఫోనులో ప్రపంచ చరిత్ర చదువుతూ వచ్చిందట. తండ్రీకూతుళ్ళు బస్సు దిగడమే పోట్లాడుకుంటూ దిగారు. అది ఇంటి గొడవైతే నేను తల తిప్పుకునేదాన్ని. కానీ వాళ్ళు పోట్లాడుకుంటున్నది ఎక్కడో మంచుదేశంలో, చక్రవర్తుల కాలంలో సేనాపతిగా ఉండి తరవాత యుద్ధమంత్రి అయిన ఒక పెద్దమనిషి చివరికి ఏమయ్యాడన్నదాని గురించి.

"పరాయి దేశంలో చచ్చిపోయాడని ఫోన్లో ఉందంటదండీ. కాదే, ఇంటికొచ్చాడు, వాళ్ళమ్మ అన్నం పెట్టింది, నాకు బాగా గుర్తుందంటే వినదు. మీరే చెప్పండి టీచర్ గారూ. వచ్చాడా, రాలేదా?" అన్నాడు.

ఆ అమ్మాయి ఫోను నా వైపు తిప్పి మర్యాదగా నవ్వుతూ నిలబడింది. ముప్పై నాలుగేళ్ళు సోషల్ చెప్పినదాన్ని, టక్కున జవాబు చెప్పవలసినదాన్ని, నీళ్ళు నమిలాను. నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. ఎందుకంటే ఆ జవాబు చెప్పాలంటే ముందు మా పెదనాన్న సంగతి చెప్పాలి.

మా పెదనాన్న జగ్గయ్యపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. అది కడుపు కోసం. ప్రాణం మాత్రం బుర్రకథలో ఉండేది. భుజాన తంబురా, కాళ్ళకు గజ్జెలు, చెరో పక్కన గుమ్మెట వాయించే వంత. హాస్యం చెప్పే వంత మా పెద్దమ్మ తమ్ముడు, నాకు మామయ్య. ఆయన నిలబడితేనే జనం నవ్వేవారు, ఇంక నోరు తెరవనక్కర్లేదు. రాజకీయం చెప్పే వంత చిల్లకల్లులో మిషను కుట్టే ఆయన. లోకం మీద ఆయనకున్న కోపమంతా కొలతల్లో ఉండేది, ఎవరు ఎవరికి ఎంత తక్కువ గుడ్డ కోశారో ఆయనకు తెలుసు. క్రిస్మస్‌కి మా చర్చి దగ్గర భక్తి కథ, పక్క ఊళ్ళ తిరునాళ్ళలో వీరుల కథ, ప్రభుత్వం వాళ్ళు పిలిస్తే కుటుంబ నియంత్రణ కథ, ఏదైనా చెప్పేవారు. ఒకసారి మలేరియా వాళ్ళు పిలిస్తే దోమ కథ చెప్పారు. అందులో దోమకు కూడా ఒక తల్లి, ఆ తల్లి దీవెన, చివర వీరమరణం ఉన్నాయి. కథ అయ్యాక ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. వారం రోజులు ఊళ్ళో దోమను చంపడానికి చెయ్యి రాలేదన్న మాట మాత్రం మామయ్య కల్పించిందే అనుకుంటాను.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. సైన్యంలో బండి తోలేవాడు. పైన మంచుకొండల్లో బండి లోయలో పడి పోయాడని కబురొచ్చింది, తరవాత ఒక ఇనపపెట్టె వచ్చింది, మనిషి రాలేదు. అక్కడే సమాధి చేశారట. అమ్మ అంతకు ముందే పోయింది. నన్ను పెదనాన్న పెద్దమ్మే పెంచి, చదివించి, టీచరు ట్రైనింగు చేయించారు. ఇంట్లో మా నాయనమ్మ ఉండేది. ఆమె ఆ ఇనపపెట్టెను తెరవనూ లేదు, పారెయ్యనూ లేదు, దాని మీద ఒత్తిగిలి పడుకునేది. బస్సు ఆగిన శబ్దం వస్తే ఒకసారి గుమ్మం వైపు చూసేది. మేం చూడనట్టు ఉండేవాళ్ళం.

సరే, నాకు ఉద్యోగం వచ్చింది. పేటకూ నందిగామకూ మధ్య ఒక ఊళ్ళో హైస్కూలు, ఊరి పేరెందుకులెండి. అప్పటికి మిల్లు ఆర్నెల్లు నడిచి ఆర్నెల్లు మూతపడుతోంది, పెదనాన్న మోకాళ్ళు గజ్జెల బరువుకు మొరాయిస్తున్నాయి, కాబట్టి నా జీతమే ఇంటికి ఆధారం. ఉద్యోగమేమో ప్రొబేషను మీద. మా హెడ్మాస్టారు మంచివారే, కానీ ఆయన గది బయట ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద ఏ సబ్జెక్టులో ఎంతమంది పాసయ్యారో, పక్కన ఆ టీచరు పేరు, సుద్దముక్కతో స్వహస్తాలతో రాసేవారు. నేను చేరేముందు ఏడు సోషల్లో నలభై మందికి పన్నెండు మంది పాసయ్యారు. "నీ పేరు పక్కన కూడా అదే అంకె ఉంటే నేను రిపోర్టులో ఏం రాయాలమ్మా?" అన్నారు మెత్తగా. ఆయన గట్టిగా అరిస్తే ఇంత భయం వేసేది కాదు.

ఇంతకీ పిల్లలు ఎక్కడ తప్పేవారంటే, మహాయుద్ధం పాఠంలో. అందులోనూ ఈ జనరల్ గారి దగ్గర. ఆయన పేరు రెండు లైన్లు ఉండేది, చదవడం మొదలుపెట్టిన పిల్లవాడు చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేవాడు. అందుకని మేమంతా జనరల్ గారనే అనేవాళ్ళం. పేద ఉద్యోగి కొడుకు, గుర్రపుదళంలో చేరి చిన్న వయసులోనే పతకం సంపాదించాడు. చక్రవర్తికి సరదా కబుర్లు చెప్పి నవ్వించేవాడు కాబట్టి సేనాపతి అయ్యాడు. అడిగినదానికల్లా సిద్ధం ప్రభూ అనేవాడు కాబట్టి యుద్ధమంత్రి అయ్యాడు. యుద్ధం రానే వచ్చింది. బూట్లున్నాయా అంటే ఉన్నాయి ప్రభూ అన్నాడు, అవి కాగితం మీద ఉన్నాయి. సైనికులు మంచులో కాళ్ళకు గోనెగుడ్డలు చుట్టుకుని నడిచారు. యుద్ధం పోయింది, మంత్రి పదవి పోయింది, విచారణ, జైలు. ముసలివాడని వదిలేస్తే సరిహద్దు దాటిపోయాడు. పాఠంలో ఆఖరి వాక్యం, ప్రవాసంలో మరణించెను. 

ఎనిమిది మార్కుల ప్రశ్న. హెడ్మాస్టారి లెక్క ప్రకారం ఆ ఏడు తప్పకుండా వచ్చే ప్రశ్న. నేను మూడు వారాలు చెప్పాను. నోట్సు రాయించాను. చిన్న పరీక్ష పెడితే ఒకడు జనరల్ గారిని నదిగా వర్ణించాడు, ఇంకొకడు పంటగా. ఆ కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని ఏడిచాను. పెదనాన్న గజ్జెలకు తోలు కుట్టుకుంటూ కథేంటో చెప్పమన్నాడు. చెప్పాను.

అంతా విని, "వాళ్ళమ్మ పేరేంది?" అన్నాడు.

తల్లి గురించి పాఠంలో లేదన్నాను. పెదనాన్న తోలు కింద పెట్టి నన్ను జాలిగా చూశాడు. "తల్లి లేకుండా పుట్టాడా? అందుకే మీ పిల్లలకి ఎక్కట్లా" అన్నాడు. స్కూలు వార్షికోత్సవానికి ఈ కథే చెబుతానని అప్పటికప్పుడు తేల్చేశాడు.

ఆ తరవాత పదిహేను రోజులు మా ఇంట్లో జరిగింది యుద్ధమే. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక పక్క, ముగ్గురు కళాకారులు ఒక పక్క. బుర్రకథకు నాయకుడంటే కత్తి తిప్పాలి. మా జనరల్ గారు ఫైళ్ళు తిప్పేవాడు. సంతకం పెట్టడాన్ని వీరరసంలో ఎట్లా పాడతారని మామయ్య తల పట్టుకున్నాడు. పెదనాన్న తంబురా మీటి, కలం తీసెను మంత్రి, కాగితం వణికెను, తందాన తానా అని పాడి చూపించాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంచు అంటే మన పిల్లలకు ఏం తెలుసని అడిగాను. దానికి పెదనాన్న తడుముకోలేదు. మిల్లు ముందర పత్తి ఆరబోసినట్టు కనుచూపు మేర తెల్లగా ఉంటుందని పాడతానన్నాడు. ఆ మాట ఆయనది కాదు. మా నాన్న మొదటిసారి మంచు చూసి రాసిన ఉత్తరంలో రాసింది. ఆ ఉత్తరం పెదనాన్నకు కంఠతా వచ్చు.

తల్లి విషయంలో నేను ఓడిపోయాను. ఆ తల్లి కొడుక్కి పెట్టే గోంగూర పచ్చడి కూడా ఒప్పుకున్నాను, మంచుదేశంలో ఏదో ఒక ఆకుకూర ఉండకపోతుందా అని సమాధానపడ్డాను. సరిహద్దు నది మన మున్నేరు లాంటిది అన్నారు, సరే అన్నాను. కానీ ముగింపు దగ్గర మాత్రం భీష్మించుకున్నాను. నందిగామ లైబ్రరీలో బూజు పట్టిన పెద్ద పుస్తకమొకటి వెతికి, జనరల్ గారు పరాయి ఊళ్ళో రైలు స్టేషను బల్ల మీద రోజూ కూర్చుని తన దేశం వైపు నుంచి వచ్చే బండి కోసం చూసేవాడనీ, ఒక ఉదయం ఆ బల్ల మీదే పోయి ఉన్నాడనీ చదివాను. అది చెబితే పెదనాన్న తంబురా తీసి పక్కన పెట్టాడు.

"ఇట్టా వదిలేస్తే మంగళం ఎట్టా పాడేది?" అన్నాడు. పాడకపోయినా పర్లేదు, ఇది పరీక్షకు వచ్చే కథ, తప్పు చెబితే పిల్లలు తప్పు రాస్తారు, నా ఉద్యోగం పోతుందన్నాను. నీ ఉద్యోగం మీదికి నేనెందుకు తెస్తానే, నువ్వు చెప్పినట్టే చెబుతా అన్నాడు. నేను నమ్మాను. కళాకారుడి మాట కథ మొదలయ్యే వరకేనని నాకప్పటికి తెలియదు.

వార్షికోత్సవం సాయంత్రం నాలుగింటికి. ముఖ్య అతిథి మా స్కూళ్ళను తనిఖీ చేసే అధికారి. ఆయన సరేనంటే నా ఉద్యోగం ఉన్నట్టు, ఆయన వద్దంటే లేనట్టు. ముందు వరసలో కుర్చీలు, వెనక ఊరి జనం, మధ్యలో నేల మీద పిల్లలు. నేల మీద ఎందుకంటే మా స్కూల్లో బల్లలు లేవు. రెండేళ్ళ కిందట బల్లలు వచ్చినట్టు రికార్డుల్లో ఉంది. ఆ రికార్డు మీద ఎవరి సంతకం ఉందో హెడ్మాస్టారికి తెలుసు, నాకు తెలుసు, ఇంట్లో ఒకసారి నేను చెప్పడం వల్ల మిషను కుట్టే ఆయనకూ తెలుసు. అది ఆ సాయంత్రం వరకు నాకు తట్టలేదు.

కథ ఎత్తుకోవడమే అద్భుతంగా ఎత్తుకున్నారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. గుర్రం స్వారీకి పెదనాన్న వేసిన అడుగులకు ఆయన మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో తెలియదు. చక్రవర్తి పాత్ర మామయ్యది, ఏది అడిగినా సిద్ధం ప్రభూ అని పెదనాన్న అంటుంటే ఆయన పొట్ట నిమురుకుంటూ మురిసిపోవడం చూసి అధికారి గారు కూడా తొడ కొట్టుకుని నవ్వారు. అప్పుడు వచ్చాయి బూట్లు. 

కాలికి బూటు లేదాయే, తందాన తానా, కాగితమ్మీద జోడాయే, తందాన తానా! గుమ్మెటలు ఆగాయి. మిషను కుట్టే ఆయన ఒక అడుగు ముందుకు వేసి, నేల మీద కూర్చున్న పిల్లలందర్నీ ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. "అదేదో మంచుదేశం కాబట్టి అట్టా జరిగింది గానీ, మన కాడ అయితే జరుగుద్దా? మన కాడ కాగితమ్మీద బల్లలొస్తే పిల్లకాయలు వాటి మీద కూకోరూ? ఎక్కడ? ఓ, కాగితమ్మీద!" అన్నాడు.

జనం ఘొల్లుమన్నారు. హెడ్మాస్టారు కండువాతో ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టి ఇంక ఆపలేదు. అధికారి గారి నవ్వు మాత్రం సగంలో గడ్డకట్టుకుపోయింది. నా కళ్ళ ముందు నా జీతం, మా ఇంటి బియ్యం డబ్బా, పెదనాన్న మోకాళ్ళ మందులు వరసగా కదిలాయి. ఎదురుగా నిలబడి ఆపేయమని సైగ చేశాను. పెదనాన్న దాన్ని మెచ్చుకోలనుకుని ఇంకో చరణం ఎక్కువ పాడాడు.

అధికారి లేచి వెళ్ళిపోతారేమోననుకున్నాను. వెళ్ళలేదు. అంతమందిలో లేస్తే సంతకం తనదేనని ఒప్పుకున్నట్టవుతుందని కూర్చున్నారో, కథ మధ్యలో లేవలేకపోయారో తెలియదు. విచారణ అయింది, జైలు అయింది, నది దాటడం అయింది. జనరల్ గారు స్టేషను బల్ల మీద కూర్చున్నాడు. అప్పుడు పెదనాన్న ఆడవాళ్ళ వరస వైపు తిరిగాడు. అక్కడ మా నాయనమ్మ కూర్చుని ఉంది. ఎన్నడూ గడప దాటని మనిషిని పెద్దమ్మ బతిమాలి రిక్షాలో తీసుకొచ్చింది. కొడుకు సైన్యంలో చేరిన కథ, మంచు కథ, ఆమె చెవి ఒగ్గి వింటోంది. పత్తి ఆరబోసినట్టు అన్న చోట ఆమె పెదాలు కదిలాయి, ఆ ఉత్తరం ఆమెకూ కంఠతా వచ్చు మరి.

పెదనాన్న నన్ను చూడలేదు. తంబురా ఒకసారి మీటి, బండి వచ్చెను అని ఎత్తుకున్నాడు. బండి వచ్చెను, బల్ల మీద ముసలివాడు లేచెను, పతకాలు పారేసి బండి ఎక్కెను, మున్నేరు దాటెను, మునిమాపువేళ వాకిట నిలిచెను, తల్లి తలుపు తీసెను. యుద్ధం ఓడితే నాకేమిరా, బూట్లు లేకపోతే నాకేమిరా, కాళ్ళు కడుక్కో, అన్నం తిను అంది తల్లి. గుమ్మెట లేకుండా, తందాన లేకుండా, ఉత్త గొంతుతో పాడాడు. మామయ్య హాస్యం చెప్పడం మర్చిపోయాడు. జనరల్ గారికే డెబ్బై దాటితే తల్లికి ఎన్నేళ్ళుండాలి అన్న లెక్క అక్కడ ఎవరూ వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు, నాకు అంత కోపంలోనూ ఏడుపొచ్చింది.

కథ అయ్యాక అధికారి గారు నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి పెదనాన్న అప్పటికే అక్కడ చేతులు కట్టుకుని నిలబడి, ఆ బల్లల మాట తమర్ని గురించి కాదండీ, మంత్రి గారిని గురించండీ అని విన్నవించుకుంటున్నాడు. ఇంతకంటే చెడగొట్టడం ఎవరి తరమూ కాదు. అధికారి ఆ మాట పట్టించుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, "నేనూ చరిత్ర చదువుకున్నవాణ్ణేనయ్యా. ఆయన ఇంటికి తిరిగి వచ్చినట్టు పుస్తకంలో లేదే?" అన్నారు.

"పుస్తకం రాసినాయన వాళ్ళమ్మని అడిగుండడండి" అన్నాడు పెదనాన్న.

అధికారి గారు మంచినీళ్ళు అడిగి తాగి జీపెక్కారు. బల్లలు మాత్రం వచ్చాయి. ఏప్రిల్ చివర్లో, సెలవులిచ్చేశాక, లారీలో వచ్చాయి. నెలన్నర పాటు ఊళ్ళో మేకలు వాటి మీద దర్జాగా పడుకున్నాయి.

మర్నాడు ఉదయం నేను విసురుగా సంచీ తగిలించుకున్నాను. క్లాసుకు వెళ్ళగానే ఆ ముగింపు తప్పని చెప్పి, బోర్డు మీద ప్రవాసంలో మరణించెను అని పెద్దక్షరాలతో రాసి, ఒక్కొక్కడితో పదిసార్లు రాయించాలని నిశ్చయించుకున్నాను. గుమ్మం దగ్గర నాయనమ్మ అన్నం తింటోంది. ఎన్నడూ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగే మనిషి, ఆ రోజు మారు వడ్డించుకుంది. నన్ను చూసి, "ఆ తల్లి అదృష్టవంతురాలే పిల్లా. అంత దూరం నించి వచ్చాడు, చూశావా" అంది. దారిలో బస్సు ఆగిన శబ్దం వచ్చింది. ఆమె గుమ్మం వైపు చూడలేదు, ముద్ద కలుపుకుంటోంది.

నేను క్లాసుకు వెళ్ళాను. సుద్దముక్క తీశాను. బోర్డు దగ్గర నిలబడ్డాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు అలా పరీక్షల దాకా జరిగింది. జీవితంలో నేను చూసి కూడా దిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటే.

పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. పిల్లలు బయటికి వస్తూ తందాన తానా అని అరుచుకుంటూ వచ్చారు. అందరూ బాగా రాశామన్నారు. ఎంత బాగా రాశారో మాకు మే నెలలో తెలిసింది. హెడ్మాస్టారి తోడల్లుడు వేరే జిల్లాలో సోషల్ మాస్టారు, పేపర్లు దిద్ది సెలవులకు ఈయన ఇంటికి వచ్చారు. ఏదో రిజిస్టరు పని మీద నేనూ వెళ్ళాను, హెడ్మాస్టారి భార్య మామిడికాయ పప్పుతో భోజనం పెట్టింది. తోడల్లుడు గారు తింటూ, నవ్వుతూ, ఈ ఏడు వింత చెప్పుకొచ్చారు. పేపర్ల మీద ఊరు పేరు ఉండదు కదా, ఏ స్కూలో తెలియదట. ఒక కట్టలో నలభై పేపర్లూ ఒకే తీరట. ఆ దేశమున పత్తి విస్తారముగా పండునని అందరూ రాశారట. యుద్ధమంత్రి మున్నేరు దాటెనని రాశారట. ఆయనకు గోంగూర పచ్చడి ప్రీతి అట. ఒకడైతే ప్రతి వాక్యం చివరా తందాన తానా అని రాసి, సమయం చాలనందున ఇకపై తం. తా. అని వ్రాయుచున్నాను, పెద్దలు మన్నించవలెను అని బ్రాకెట్లో మనవి చేసుకున్నాడట. క్యాంపులో మాస్టర్లందరూ చుట్టూ చేరి ఆ పేపర్లు పైకి చదివించుకున్నారట.

నేను తల ఎత్తకుండా కలిపిన ముద్దే మళ్ళీ కలుపుతున్నాను. హెడ్మాస్టారు పప్పులో నెయ్యి వేసుకోబోయి మంచినీళ్ళ గ్లాసులో వేసుకున్నారు. తరవాత చాలా మామూలుగా మార్కులెట్లా వేశారని అడిగారు. అక్కడే చిక్కొచ్చిందట. ఉండవలసిన పాయింట్లు ఎనిమిది. పతకం ఉంది, కబుర్లు ఉన్నాయి, సంతకాలు, బూట్లు, ఓటమి, విచారణ, జైలు, అన్నీ వరసగా ఉన్నాయి. అదనంగా రాసిన పత్తికీ పచ్చడికీ మార్కులు కొయ్యాలని రూలెక్కడా లేదట. అందుకని నలభై మందికీ ఎనిమిదికి ఏడు వేశారట. ఆఖరి పాయింటు ఒక్కటే తప్పు. అందరూ ఆయన్ని ఇంటికి తెచ్చేశారట.

తోడల్లుడు గారు చెయ్యి కడుక్కోవడానికి లేచాక హెడ్మాస్టారు నా వైపు చూశారు. నలభై మార్కులు పోయాయమ్మా అన్నారు. తరవాత ఫలితాలొచ్చాయి. నలభైకి ముప్పై ఏడు. ఆయనే సుద్దముక్క తీసుకుని నా పేరు పక్కన ఆ అంకె వేసి, కాస్త దూరం జరిగి నిలబడి చూసుకుని, ఇంకోసారి దిద్దారు. నా ప్రొబేషను ఖాయమైంది. పై అధికారి రిపోర్టులో నా గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, బోధన మనసుకు హత్తుకొనును అని. ఆయన పదవీ విరమణ సభకు మా పెదనాన్న పిలవకపోయినా వెళ్ళి కథ చెప్పి వచ్చాడు. అందులో బల్లలు లేవు.

నాయనమ్మ ఆ తరవాత మూడేళ్ళు బతికింది. వానాకాలం రాత్రుళ్ళు పెదనాన్నను పిలిచి, ఆ జన్రాలు ఇంటికొచ్చిన కాడ నించి చెప్పరా అనేది. ముందున్న యుద్ధం ఆమెకు అక్కర్లేదు. ఆమె పోయాక ఆ ఇనపపెట్టె తెరిచాం. ఒక కంబళి, క్షవరం సామాను, మా ఇంటి విలాసం రాసి పోస్టు చెయ్యని కార్డు ఒకటి ఉన్నాయి. పెదనాన్న పోయి ఇప్పటికి పాతికేళ్ళు. మిల్లు ఉన్న చోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. గుమ్మెటలు మామయ్య కొడుకు ఇంట్లో అటక మీద ఉన్నాయి.

ఇదంతా ఆ బస్టాండులో ఆ తండ్రీకూతుళ్ళకు చెప్పలేదు. చెప్పేంతసేపు పేట బస్సు ఆగదు. ఆ అమ్మాయి ఫోను అందుకుని కళ్ళజోడు సవరించుకుని చదివాను. స్టేషను, బల్ల, ఉదయం, అన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరదోషం లేదు. పుట్టిన తేదీ, చచ్చిన తేదీ పక్కపక్కన ఉన్నాయి. తల్లి పేరు ఉండవలసిన చోట తెలియదు అని ఉంది.

"పరీక్షలో ఫోన్లో ఉన్నదే రాయి తల్లీ. లేకపోతే మార్కు పోతుంది" అన్నాను ఆ పిల్లతో. ఆ అమ్మాయి గెలిచినట్టు తండ్రి వైపు చూసింది. ఆయన ముఖం చిన్నబోయింది. పదో తరగతి కుర్రవాడిలా నా ముందు నిలబడ్డాడు.

"నువ్వు రాసింది కూడా ఉండనీ నాయనా" అన్నాను. "నేను దిద్దలేదుగా."

"నాకప్పుడు సరిగ్గా ముప్పై అయిదండీ. ఆ కథ లేకపోతే గట్టెక్కేవాణ్ణి కాదు. ఒక్క మార్కేగదండీ, పోతే పోయిందిలెండి, ముసలాయన ఇంటికొచ్చాడు" అని నవ్వాడు. నా చేతిసంచీ పట్టుకుని బస్సు ఎక్కించి, కిటికీ పక్కన సీటు ఇప్పించి దిగాడు.

బస్సు మున్నేరు వంతెన మీదికి వచ్చింది. ఎండకు ఏరంతా ఇసక తేలి ఉంది, నడుమ సన్నగా నీరు పాకుతోంది. ఈ రోజుల్లో ఏ ప్రశ్నకైనా సరైన జవాబు అరచేతిలోనే ఉంటోంది, దిద్దడానికి నాలాంటివాళ్ళ అవసరం ఎవరికీ లేదు. మంచిదే. తప్పుల్లేని లోకం కోసమే కదా ఎర్రపెన్నుతో అన్నేళ్ళు పాటుపడ్డాను. కానీ నలభై మంది పిల్లలు తలా ఒక మార్కు వదులుకుని, మా నాన్నను మున్నేరు దాటించి మా నాయనమ్మ దగ్గరికి తెచ్చారని తలుచుకుంటే, ఆ తప్పు దిద్దనందుకు నాకీ వయసులో కూడా సంతోషంగానే ఉంది.